క్రెటాకి పీపీఎఫ్: 45 వేలా, 78 వేలా, లక్షా 35 వేలా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. పర్లాకిమిడిలో ఉంటున్నావు, తెల్ల క్రెటా కొత్తగా తీసుకున్నావు, ఫుల్ బాడీ పీపీఎఫ్‌కి (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పెయింటు కాపాడ్డానికి బండి మీద అంటించే ప్లాస్టిక్ పొర) షోరూం వాళ్లు 45 వేలు అన్నారు, బరంపురంలో ఒక షాపు 78 వేలు చెప్పింది, విశాఖలో లక్షా 35 వేలు, ఒకే పనికి మూడు రెట్లు తేడా ఏటి, ఎవరు మోసం చేస్తున్నారు అని అడిగావు. నేను బరంపురంలో ఈ పనే చేస్తాను, అంతకుముందు విశాఖలో చేశాను, కాబట్టి రెండు వైపుల లెక్కా తెలుసు. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తీరిగ్గా చదువుకో. ఆ మూడింట్లో ఏదీ వద్దు. నువ్వు తిరిగే రోడ్లకి బండి ముందు భాగం మటుకు మంచి ఫిల్మ్‌తో వేయించుకో, 40 వేలు అటూ ఇటూ అవుతాది, మిగతా బాడీ మీద అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు తేడా ఎక్కడుందో చూద్దాం. పీపీఎఫ్ అని బోర్డు పెట్టి అమ్మేవి నిజానికి వేరు వేరు ప్లాస్టిక్కులు. అసలుది టీపీయూ, అంటే థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్, లాగితే సాగుతాది, వదిలితే వెనక్కొస్తాది, రాయి తగిలితే దెబ్బ మింగుతాది. దాని కింద జిగురు పొర, పైన సెల్ఫ్ హీలింగ్ (సన్నగీతలు వేడికి వాటంతటవే కలిసిపోవడం) అని చెప్పే టాప్ కోట్. రెండోది పీవీసీ, చవక, గట్టిగా ఉంటాది, మన ఎండకి తొందరగా పసుపెక్కి అంచులు లేస్తాయి. ఈ రెండింటి మధ్యన టీపీహెచ్ అని ఒకటి తిరుగుతోంది, పేరు వింటే టీపీయూకి తమ్ముడిలా ఉంటాది గానీ లోపల పీవీసీయే, మెత్తబడ్డానికి ప్లాస్టిసైజర్ ఎక్కువ కలుపుతారు, వేసిన కొత్తలో మెరుపు చూస్తే టీపీయూ కంటే బాగుందనిపిస్తాది, ఆ ప్లాస్టిసైజర్ పోయేకొద్దీ గట్టిపడిపోతాది. టీపీయూలో కూడా మళ్లీ రెండు రకాలు, ఎలిఫాటిక్ అయితే ఎండని తట్టుకుంటాది, ఎరోమాటిక్ అయితే యూవీకి పసుపెక్కుతాది. నీది తెల్ల బండి, పసుపు మొదట కనబడేది దాని మీదే, నల్ల బండి వాడికి ఏడాది దాకా తెలీకపోవచ్చు, నీకు మాత్రం పెట్రోలు బంకులో కుర్రాడు కూడా చెప్పేస్తాడు.

మందం గురించి కూడా బాగా ఊదరగొడతారు. మామూలుగా మంచి ఫిల్మ్ ఆరు నుంచి ఎనిమిది మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉంటాది, ఎనిమిది మిల్ అంటే దాదాపు 200 మైక్రాన్లు. నీ బండికి కంపెనీ వేసిన పెయింటు మొత్తం, ప్రైమరు రంగు క్లియర్ కోటు అన్నీ కలిపి, ఇంచుమించు 100 నుంచి 130 మైక్రాన్ల మధ్యే ఉంటాది, కాబట్టి ఫిల్మ్ పెయింటు కంటే మందం, అందులో అబద్ధం లేదు. కాకపోతే పది మిల్ పీవీసీ కంటే ఏడు మిల్ టీపీయూ మేలు, మందం ఒక్కటే చూసి డబ్బు ఇవ్వొద్దు. అన్నట్టు ఈ ఫిల్మ్ కార్ల కోసం పుట్టింది కాదు, వియత్నాం యుద్ధం రోజుల్లో హెలికాప్టర్ రెక్కలకి ఇసుక రాళ్లు కొట్టి పాడవుతుంటే అమెరికాలో 3ఎం వాళ్లు వాటికి అంటించడానికి చేశారు, తర్వాత రేసు కార్లకి, ఆ తర్వాత మామూలు కార్లకి వచ్చింది. అంటే దీని అసలు పని రాళ్ల దెబ్బ ఆపడం, మెరుపు తర్వాత సంగతి. ఈ మాట గుర్తుపెట్టుకుంటే బండిలో ఎక్కడ వేయించాలో నీకే తెలిసిపోతాది.

షోరూం 45 వేల లెక్క విప్పి చూద్దాం, ఇది ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆ 45లో జీఎస్టీ 18 శాతం కలిసి ఉందనుకో, తీసేస్తే 38 వేల చిల్లర మిగులుతాది. షోరూం వాళ్లు ఈ పని సొంతంగా చెయ్యడం తక్కువ, బయట కుర్రాళ్లని పిలిపిస్తారు, వాళ్లకి ఇచ్చి తమ వాటా ఉంచుకుంటారు, ఆ వాటా పది వేలు అనుకో, తక్కువే వేశాను. మిగిలింది 28 వేలు. ఫుల్ బాడీ అంటే ఇద్దరు కుర్రాళ్లకి మూడు రోజుల పని, వాళ్ల కూలీ, బ్లేడ్లు, షాంపూ, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), పాలిష్ సామాను, రానూపోనూ ఖర్చు అన్నీ కలిపి పన్నెండు వేలకి తక్కువ కాదు. ఇక ఫిల్మ్‌కి మిగిలింది 16 వేలు. ఫిల్మ్ రోల్ సాధారణంగా ఐదు అడుగుల వెడల్పు, పదిహేను మీటర్ల పొడవు వస్తాది, దాదాపు 245 చదరపు అడుగులు, క్రెటా సైజు బండికి రోల్ దాదాపు మొత్తం అయిపోతాది. అంటే మీటరు వెయ్యి చిల్లర పడే ఫిల్మ్ నీ పన్నెండు పదిహేను లక్షల బండి మీదకి వస్తోంది. ఆ రేటులో పేరున్న టీపీయూ రాదు బాబూ, ఎవరు ప్రమాణం చేసినా రాదు. అది టీపీహెచ్ అయినా అవ్వాలి, పేరూ ఊరూ లేని రోల్ అయినా అవ్వాలి, లేకపోతే పని మూడు రోజులు కాకుండా ఒకటిన్నర రోజులో ముగించెయ్యాలి. మోసం అని నేను అనను, 45 వేలకి ఏది వస్తాదో అదే ఇస్తున్నారు, కాకపోతే దానికి ఏ పేరు చెప్పి అమ్ముతున్నారో అదే తకరారు.

ఇదే లెక్క బరంపురం 78 వేలకి వేస్తే ఫిల్మ్‌కి 44 వేల దాకా మిగలొచ్చు, అందులో మధ్యరకం టీపీయూ వస్తాది. విశాఖ లక్షా 35 వేలల్లో పేరున్న కంపెనీ ఫిల్మ్ వస్తాది, షాపు అద్దె ఎక్కువ, ఏసీ బే, దుమ్ము రాకుండా గది, అవన్నీ నీ బిల్లులోనే కలుస్తాయి. బయట దేశాల పేర్లు ఎక్స్‌పెల్, సన్‌టెక్, ల్యూమార్, స్టెక్ లాంటివి వింటూ ఉంటావు. మన దేశంలో గార్వారే వాళ్లది శంభాజీనగర్‌లో తయారవుతాది, పాత ఔరంగాబాద్ అదే, దిగుమతి ఖర్చు లేదు కాబట్టి కొంచెం తగ్గుతాది, ఇటుపక్క షాపుల్లో చాలామంది అదే వాడతారు. నేను ఏ ఒక్కదాన్నీ గొప్పది అని చెప్పను, ఏ కంపెనీలో అయినా మూడు నాలుగు రకాల రేంజిలు ఉంటాయి, ఒకే పేరు మీద ఐదేళ్ల వారంటీదీ ఉంటాది పదేళ్లదీ ఉంటాది, కాబట్టి కంపెనీ పేరు చెబితే సరిపోదు, ఏ మోడల్ ఫిల్మో, ఎన్నేళ్ల వారంటీయో కొటేషన్ మీద రాయించాలి.

వారంటీ అంటే ఇక్కడ చాలామంది తప్పు అర్థం చేసుకుంటారు. ఫిల్మ్ పసుపెక్కితే, పగుళ్లొస్తే, జిగురు వదిలేస్తే ఇచ్చేది అది. రాయి పడి ఫిల్మ్ చిరిగితే, ఆటోవాడు రాసుకుపోతే వారంటీలో రాదు, ఆ ముక్క నీ డబ్బుతోనే మార్చుకోవాలి. ఇంకా మంచి కంపెనీ అయితే రోల్ సీరియల్ నంబరు, నీ బండి నంబరు లేదా ఛాసిస్ నంబరు కలిపి వాళ్ల సైటులో ఎక్కిస్తారు, నీ ఫోనుకి మెసేజి వస్తాది. షాపువాడు ప్రింటు తీసిన రంగుల కార్డు ఇచ్చి ఇదే వారంటీ అంటే అది అతని మాట వరకే. రోల్ అట్టపెట్టె నీ కళ్ల ముందు విప్పమను, సీరియల్ నంబరు ఫోటో తీసుకో, ఇందులో మొహమాటపడేది ఏమీ లేదు, సరిగ్గా పని చేసేవాడు తనే చూపిస్తాడు.

కూలీ సంగతికొస్తే, బయటనుంచి చూసేవాళ్లకి స్టిక్కర్ అంటించినట్టే కనబడతాది. ముందు బండి కడిగి, ఇనుప రజను తీసే ద్రావకం కొట్టి, క్లే బార్ (మురికి లాగే బంకమట్టి ముద్ద) రుద్ది, గీతలుంటే మెషీన్ పాలిష్ చెయ్యాలి, ఎందుకంటే ఫిల్మ్ కింద ఏముంటే అది అద్దంలోంచి కనబడినట్టే కనబడుతుంది, కొత్త బండి అయినా షోరూం స్టాక్‌యార్డులో దుమ్ము గుడ్డతో తుడిచిన గీతలు ఉంటాయి. తర్వాత షాంపూ నీళ్లు కొట్టి ఫిల్మ్ జరుపుకుంటూ పరుస్తాం, సరిపోయాక స్క్వీజీతో (రబ్బరు పలక) నీళ్లు బయటికి తోస్తాం, అంచుల దగ్గర ఐపీఏ కలిపిన నీళ్లు కొడితే జిగురు పట్టుకుంటాది. బానెట్ వెయ్యడం సులువు, రూఫ్ ఇంకా సులువు, అసలు పనితనం బంపర్ దగ్గర తెలుస్తాది. ఫాగ్ ల్యాంపు గుంటలు, గ్రిల్ మూలలు, సెన్సార్ల చుట్టూ ఫిల్మ్ సాగదీసి మడవాలి, ఎక్కువ సాగదీస్తే తర్వాత వెనక్కి లాగి అంచు లేచిపోతాది, తక్కువైతే ముడత. బాగా చేసేవాడికి కూడా బంపర్ ఒక్కటే సగం రోజు తినేస్తాది. అందుకే ముందు భాగం రేటు మీటర్ల ప్రకారం తగ్గదు, రోల్‌లో మూడో వంతు పట్టినా కూలీ మాత్రం సగం దాకా అవుతాది.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా అడుగు. ఫిల్మ్ ప్లాటర్ (కంప్యూటర్‌తో కోసే మెషీన్) మీద నీ మోడల్ టెంప్లేట్‌తో కోస్తారా, బండి మీద పెట్టి బ్లేడుతో కోస్తారా? ప్లాటర్ అయితే పెయింటు మీద బ్లేడు పెట్టక్కర్లేదు, కానీ అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీ కనబడొచ్చు. చేత్తో కోస్తే అంచు లోపలికి మడిచి అందంగా వస్తాది, చెయ్యి తిరిగినవాడైతే ఫర్వాలేదు, కొత్త కుర్రాడైతే నీ బానెట్ అంచున సన్నని గాటు పడతాది, అది ఫిల్మ్ తీసినరోజు దాకా నీకు తెలీదు, ఇనుము కనబడితే తుప్పు అక్కడే మొదలవుద్ది. మా సముద్రం పక్కన గోపాలపురం బండ్లకి ఇది పెద్ద తలనొప్పి, పర్లాకిమిడి లోపలికి ఉంది కాబట్టి నీకు కొంచెం నయం. కొన్ని షాపులు కత్తి బదులు నైఫ్‌లెస్ టేపు వాడతాయి, ఫిల్మ్ కింద దారం ఉన్న టేపు అంటించి ఆ దారం లాగితే ఫిల్మ్ తెగుతాది, పెయింటుకి ఏమీ కాదు, అది వాడతామంటే మంచి గుర్తే.

నీ రోడ్లు చూద్దాం. పర్లాకిమిడి దాటి పాతపట్నం మీదుగా టెక్కలి, అక్కడ హైవే ఎక్కి పలాస, ఇచ్ఛాపురం, బరంపురం. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ లారీలు, క్రషర్ల నుంచి వచ్చే టిప్పర్లు, టార్పాలిన్ కట్టకుండా కంకర రాల్చుకుంటూ పోయేవి నీకు తెలియనివి కాదు. రాయి ఎక్కడ తగులుతాది? ముందు వెళ్లే టైరు నుంచి ఎగిరి బంపర్‌కి, బానెట్ ముందు సగానికి, హెడ్‌లైట్లకి, ముందు ఫెండర్లకి, సైడు అద్దాల వెనకభాగానికి తగులుతాది. నీ సొంత టైర్లు విసిరేవి డోర్ల కింద సిల్ పక్కన, వెనక చక్రం ముందు అంచున తగులుతాయి. అంతే. రూఫ్‌కి, వెనక డోరుకి, డిక్కీకి రాయి ఎక్కడినుంచి వస్తాది చెప్పు? ఆ భాగాలకి పడేవి దుమ్ము గీతలు, కాకి రెట్టలు, బోరునీళ్ల మచ్చలు, వాటికి 200 మైక్రాన్ల ఫిల్మ్ అక్కర్లేదు.

అందుకని నేను చెప్పేది ఇది. ఫుల్ బంపర్, ఫుల్ బానెట్, రెండు ముందు ఫెండర్లు, హెడ్‌లైట్లు, అద్దాలు, డోర్ల కింది పట్టీ, వెనక చక్రాల ముందు ముక్క, డోర్ హ్యాండిల్ గుంటలు. ఇదంతా పేరున్న టీపీయూతో అయితే ఇటుపక్క 35 నుంచి 50 వేల మధ్యన రావాలి, జీఎస్టీతో కలిపి. బానెట్ సగమే వేస్తాం చవకగా అవుతాది అంటారు, వద్దు, సగంలో గీత కనబడతాది, ఆ గీత పొడుగునా మట్టి పట్టి తెల్ల బండి మీద నల్లదారంలా కూర్చుంటాది, మొత్తం బానెట్టే వేయించు. మిగతా బాడీకి కావాలంటే సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూసే ద్రవం, ఆరి గట్టి పొర అవుతాది) చేయించుకో, పది నుంచి ఇరవై వేలలో అవుతాది, అది రాయి దెబ్బ ఆపదు గానీ కడగడం సులువవుతాది, మెరుపుంటాది. అది కూడా ఇష్టమైతేనే, లేకపోతే మూడు నెలలకోసారి మంచి వ్యాక్స్ నువ్వే పెట్టుకో.

ఫుల్ బాడీకి లక్షా 35 వేలు పెట్టేది ఎందుకు అనే లెక్క కూడా చూడు. ఇక్కడ మంచి షాపులో ఒక డోరు రీపెయింటు నాలుగైదు వేలు, బంపర్ ఐదారు వేలు. ముందు భాగానికి పెట్టాక మిగిలే 85, 90 వేలతో వెనక బాడీ మొత్తం ఒకసారి పెయింటు వేయించినా ఇంకా డబ్బు మిగులుతాది. నిజమే, కంపెనీ పెయింటు కంపెనీ పెయింటే, బయట వేసింది అలా ఉండదు, అమ్మేటప్పుడు కొనేవాడు పెయింటు మందం కొలిచే మీటరు పెట్టి చూస్తాడు, ఆ మాట ఒప్పుకుంటాను. బండి పాతిక ముప్ఫై లక్షలది అయితే, నల్లదో ముదురు రంగుదో అయితే, పదేళ్లు ఉంచుకుంటాను గీత కూడా పడకూడదు అనేవాళ్లకి ఫుల్ బాడీ సబబే. కొరాపుట్, జయపురం వైపు రోజూ సాలూరు ఘాట్ దిగే వాళ్లకి కూడా నేను పక్క డోర్లు కలిపి వేయించుకోమంటాను, ఇరుకు మలుపుల్లో లారీల పక్కనుంచి కొమ్మలు రాసుకుంటూ పోవాలి కాబట్టి. నీది పట్నం, హైవే తిరుగుడు, అంత అవసరం కనబడలేదు.

విశాఖ షాపు మీద నీకు మోజు ఉన్నట్టుంది, పని బాగుంటాది నిజమే, కానీ దూరం ఖర్చు కూడా బిల్లులో వేసుకో. ఫిల్మ్ వేశాక రెండు వారాలకి ఒకసారి చూపించాలి, నీటి బుడగలు వాటంతటవే ఆరిపోతాయి, మన వానాకాలం తేమలో ఇంకా ఆలస్యమవుద్ది, కంగారు పడక్కర్లేదు, కానీ అంచు లేచినా లోపల వెంట్రుక దుమ్ము ఉన్నా షాపువాడే సరిచెయ్యాలి. ఆ ఒక్క అంచుకోసం మళ్లీ విశాఖ దాకా వెళ్లి, బండి వదిలి, రాత్రి ఉండి రావడం అంటే పెట్రోలు, టోల్, లాడ్జి, నీ సెలవు. చాలామంది వెళ్లరు, లేచిన అంచుని ఫెవిక్విక్‌తో అంటిస్తారు, ఆ బండ్లు తర్వాత నా దగ్గరికే వస్తాయి. బరంపురం నీకు దగ్గర, ఆ 78 వేల షాపునే ముందు భాగం వరకు, ఫిల్మ్ మోడల్ మార్చి కొటేషన్ అడుగు, బేరం బాగా కుదురుతాది. ఒక సంగతి, ఫుల్ రోల్ డబ్బు కట్టించుకుంటే మిగిలిన ముక్కలు నీవే, డిక్కీ పెదవికి, లోపల నల్ల మెరుపు ప్లాస్టిక్‌కి, స్క్రీన్ చుట్టూ పట్టీకి వేసి ఇమ్మను, అడగకపోతే ఇంకొకరి బండి డోర్ హ్యాండిల్ గుంటలకి పోతాయి.

నీ క్రెటా ఎడాస్ (రాడార్, కెమెరాతో డ్రైవరుకి సాయం చేసే సిస్టమ్) ఉన్న వేరియంట్ అయితే ముందు రాడార్ మూత మీద ఫిల్మ్ వెయ్యొద్దని చెప్పు, పార్కింగ్ సెన్సార్ల దగ్గర గుండ్రంగా కోసి వదలాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ఫోన్ చెయ్యి, బంపర్ దెబ్బతింటే బంపర్ ఇస్తారు గానీ దాని మీద ఫిల్మ్ దానంతట అదే పాలసీలోకి రాదు, యాక్సెసరీగా రాయిస్తే వస్తాదేమో ముందే అడిగి రాయించుకో, బిల్లు దాచుకో. క్లియర్ ఫిల్మ్‌కి ఆర్సీలో మార్పు అక్కర్లేదు, రంగు పీపీఎఫ్ వేయిస్తే మాత్రం బండి రంగు మారినట్టే, ఆర్టీఓ దగ్గర రాయించాలి. ఒడిశా బండి రోజూ ఆంధ్రాలోకి వెళ్లొస్తాది కాబట్టి రెండు చోట్లా ఆపుతారు, మాట్ గ్రే మోజు ఉంటే అది ఆలోచించుకో.

సెల్ఫ్ హీలింగ్ అంటే గోటిగీత, గుడ్డ తుడిచిన సన్నగీత మటుకే, ఎండలో పెట్టినా వేడినీళ్లు పోసినా కలిసిపోతాయి. తాళంతో గీసింది, ముళ్లకంప చీరింది కలవదు. వేయించాక మొదటి రెండు రోజులు హైవే మీద గట్టిగా తోలకు, వారం దాకా కడగొద్దు. ఆ తర్వాత వాటర్ సర్వీసింగ్ వాళ్లకి ముందే చెప్పు, ప్రెషర్ గన్ రెండడుగుల దూరం ఉంచాలి, అంచు మీద నేరుగా కొట్టకూడదు, లేచేవి సగం అక్కడే లేస్తాయి. కాకి రెట్ట ఫిల్మ్ మీద కూడా మచ్చ వదుల్తాది, అదే రోజు తడిగుడ్డ పెట్టి నానబెట్టి తియ్యి. బోరునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టకు, సున్నం మచ్చలు టాప్ కోట్‌లోకి దిగితే రావు. ఫిల్మ్ ఎప్పటికైనా తియ్యాలి కదా, మంచి టీపీయూ అయితే వేడి చేసి లాగితే పెద్ద ముక్కలుగా వస్తాది, ఎండిపోయిన చవక ఫిల్మ్ పెంకుల్లా విరిగి జిగురు పెయింటు మీదే ఉండిపోతాది, దాన్ని తియ్యడానికే వేలల్లో కూలీ. షోరూం 45 వేలకి ఈ తర్వాతి ఖర్చు కూడా కలుపుకో.

ఆఖర్న మీ నాన్నగారి పాత డిజైర్‌కి కూడా వేయించొచ్చా అని అడిగావు. ముందు దాని మీద ఎన్ని ప్యానెళ్లు బయట పెయింటు వేసినవో చూడు, తిత్లీ తుపానులో చెట్టు పడి డోర్లు రెండూ మార్చారని నువ్వే రాశావు కదా. లోకల్ పెయింటు మీద ఫిల్మ్ వేస్తే పట్టుకోవడం బాగానే పట్టుకుంటాది, తీసేరోజు పెయింటు కూడా దాంతో పాటే ఊడొస్తాది. కొత్తగా పెయింటు వేసినా కనీసం నెల ఆరాకే ఫిల్మ్. ఆ బండికి ఒక మంచి మెషీన్ పాలిష్ కొట్టించి, హెడ్‌లైట్లు పసుపెక్కి ఉంటే రుద్దించి వాటికి మటుకు ఫిల్మ్ వేయించు, రెండు దీపాలకి కలిపి రెండు మూడు వేలు, క్రెటా పని చేసే షాపులోనే మిగిలిన ముక్కతో అడిగితే ఇంకా తగ్గుతాది.